ఏకాదశ రుద్రుల సమాగమం – జగ్గన్నతోట ప్రభల తీర్థం

(ప్రత్యేక వ్యాసం)

గోదావరి నదీపాయల నడుమ పచ్చని కొబ్బరితోటలతో, వరిచేలతో అలరారే కోనసీమలో సంక్రాంతి అనగానే గుర్తుకువచ్చేది ప్రభల తీర్థం. మకర సంక్రమణ వేళ ఈ ప్రాంతంలో పలుచోట్ల ప్రభల ఉత్సవాలు జరుగుతున్నప్పటికీ, కనుమ పండుగనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులోని జగ్గన్నతోటలో జరిగే తీర్థానికి విశిష్ట స్థానం ఉంది. పదకొండు గ్రామాలకు చెందిన పదకొండుగురు శివమూర్తులు ఒకేచోట కొలువుదీరడం ఈ ఉత్సవ ప్రత్యేకత. నాలుగు శతాబ్దాలకు పైబడిన చరిత్ర దీనికి ఉన్నదని స్థానికులు విశ్వసిస్తారు.

గుడి లేని క్షేత్రం

జగ్గన్నతోటలో ఆలయం గాని, గోపురం గాని లేదు. అదొక కొబ్బరితోట మాత్రమే. ఏడాది పొడవునా సామాన్యమైన తోటగా ఉండే ఆ ప్రదేశం కనుమనాడు ఒక్కరోజు శైవక్షేత్రంగా మారిపోతుంది. భక్తులు దేవుని వద్దకు వెళ్లడం సాధారణ సంప్రదాయం కాగా, ఇక్కడ దేవుళ్లే తమ ఆలయాలను వదలి, భక్తుల భుజాలపై పయనించి, ఒకరినొకరు కలుసుకోవడానికి వస్తారు. ఏకాదశ రుద్రులు ఏటా ఒకసారి ఇక్కడ సమావేశమై లోకకల్యాణం గురించి చర్చిస్తారన్నది ఈ ప్రాంత ప్రజల నమ్మకం.

తోట పేరు విషయంలో ఒకటికి మించిన కథనాలు ప్రచారంలో ఉన్నాయి. పెద్దాపురం సంస్థానాన్ని ఏలిన వత్సవాయి వంశీయుడైన జగన్నాథరాజు పేరిట ఈ తోట ఏర్పడిందని ఒక కథనం. విఠల జగ్గన్న అనే భక్తుని పేరు మీదుగా జగ్గన్నతోట అయిందని మరొక కథనం.

పదకొండు గ్రామాలు – పదకొండు మూర్తులు

తీర్థంలో పాల్గొనే రుద్రమూర్తులు వీరు: వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరుడు, పుల్లేటికుర్రు నుంచి అభినవ వ్యాఘ్రేశ్వరుడు, ఇరుసుమండ నుంచి ఆనంద రామేశ్వరుడు, వక్కలంక నుంచి విశ్వేశ్వరుడు, పెదపూడి నుంచి మేనకేశ్వరుడు, ముక్కామల నుంచి రాఘవేశ్వరుడు, మొసలపల్లి నుంచి మధుమానంత భోగేశ్వరుడు, నేదునూరు నుంచి చెన్నమల్లేశ్వరుడు, పాలగుమ్మి నుంచి చెన్నమల్లేశ్వరుడు, గంగలకుర్రు నుంచి చెన్నమల్లేశ్వరుడు, గంగలకుర్రు అగ్రహారం నుంచి వీరేశ్వరుడు.

ఈ సమాగమానికి ఒక మర్యాద ఉంది. తోట ఉన్న గ్రామం మొసలపల్లి గనుక ఆ ఊరి భోగేశ్వరుడు ఆతిథేయుడు. ఆయన ప్రభ అందరికంటె ముందు తోటకు చేరుకుని, అతిథులందరినీ సాగనంపిన తరువాతనే తిరుగుముఖం పడుతుంది. వ్యాఘ్రేశ్వరుడు ఈ సభకు అధ్యక్షుడు. ఆయన ప్రభ తోటలోనికి ప్రవేశించే సమయంలో అప్పటికే కొలువుదీరిన ప్రభలన్నింటినీ ఒక్కసారిగా పైకి లేపి గౌరవం తెలుపుతారు. పల్లెసీమలో పెద్దలు వచ్చినప్పుడు పదిమందీ లేచి నిలబడే మర్యాదనే ఈ ప్రజలు దేవతామూర్తులకు కూడా వర్తింపజేశారు.

ప్రభ నిర్మాణం

ప్రభకు, రథానికి గల తేడాను గమనించవలసి ఉంది. రథానికి చక్రాలుంటాయి, భక్తులు దానిని తాళ్లతో లాగుతారు. కోనసీమ ప్రభకు చక్రాలు లేవు. దానిని మనుషులు భుజాలపై మోయాలి. వెదురు బొంగులను వంచి, కట్టి అర్ధచంద్రాకృతిలో నిలువెత్తు చట్రాన్ని తయారుచేస్తారు. దానికి రంగురంగుల వస్త్రాలు, నూలుదారాలు, పూలదండలు, వరికంకులు, గంటలు అలంకరిస్తారు. నడుమ ఉత్సవమూర్తిని ప్రతిష్ఠించి, అడుగుభాగాన మోయడానికి వీలుగా బలమైన కర్రలను అమరుస్తారు. పల్నాడు జిల్లా కోటప్పకొండ వద్ద మహాశివరాత్రికి విద్యుద్దీపాలతో వెలిగే భారీ ప్రభలకు, ఈ కోనసీమ ప్రభలకు పేరొక్కటే అయినా నిర్మాణంలోను, తరలించే తీరులోను భేదం ఉంది.

ప్రభను కట్టడం, అలంకరించడం, మోయడం గ్రామస్థుల సమష్టి కార్యం. కట్టే పనితనాన్ని పెద్దల పక్కన నిలబడి చూసి, చేసి పిన్నలు నేర్చుకోవలసిందే.

చేల నడుమ, కౌశిక మీదుగా

తీర్థంలో అందరూ ఎదురుచూసే ఘట్టం గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల రాక. ఈ రెండు ప్రభలూ ఎగువ కౌశికను దాటి తోటకు చేరుకోవాలి. మోసేవారు నీటిలోనికి దిగి, లోతును, బురదను లెక్కచేయక, ప్రభ ఒరిగిపోకుండా చూసుకుంటూ ఆవలి గట్టుకు చేరుస్తారు. ‘హర హర మహాదేవ’, ‘అశ్శరభ శరభ’ నినాదాల నడుమ సాగే ఈ దృశ్యాన్ని తిలకించేందుకు గట్లకు ఇరువైపులా జనం బారులు తీరుతారు.

ప్రభలు పచ్చని వరిచేల మధ్య నుంచి కూడా సాగుతాయి. కనుమ నాటికి దాళ్వా వరి నాట్లు పడి, పైరు లేతగా ఉంటుంది. ప్రభను మోసేవారి అడుగుల కింద కొంత పైరు నలిగిపోవడం అనివార్యం. అయినా రైతులు దానిని నష్టంగా భావించరు. శివుడు తమ పొలంలో అడుగుపెట్టాడని సంతోషిస్తారు. పరిహారం ప్రసక్తి లేకుండా, ఆజ్ఞాపత్రం లేకుండా తరతరాలుగా కొనసాగుతున్న ఈ అంగీకారమే తీర్థానికి అసలైన పునాది. అది లేనినాడు ప్రభకు దారి లేదు.

జాతీయ స్థాయిలో గుర్తింపు

2023 జనవరి 26న న్యూఢిల్లీలోని కర్తవ్యపథ్‌లో జరిగిన గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ప్రభల తీర్థం ఇతివృత్తంగా రూపొందింది. సంక్రాంతి వేళ రైతులు జరుపుకునే పండుగగా ఈ ఉత్సవం దేశ ప్రజలకు పరిచయమయింది. అంతకు ముందు సంవత్సరం, 2022 ఏప్రిల్ 4న, తూర్పు గోదావరి జిల్లా నుంచి కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ప్రస్తుతం డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా పరిధిలో ఈ తీర్థం జరుగుతోంది.

సజీవ వారసత్వం – సంరక్షణ

అమూర్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణకు యునెస్కో 2003లో ఒక ఒడంబడికను ఆమోదించగా, భారతదేశం 2005లో దానిని ధ్రువీకరించింది. తరం నుంచి తరానికి అందుతూ, ఆచరించే సమాజం తనదిగా భావించే సంప్రదాయాలను, నైపుణ్యాలను ఆ ఒడంబడిక వారసత్వంగా పరిగణిస్తుంది. ఆ జాబితాలో మన దేశం నుంచి కుంభమేళా 2017లోను, కోల్‌కతా దుర్గాపూజ 2021లోను చోటు పొందాయి. రాతికట్టడాన్ని ప్రహరీ కట్టి కాపాడవచ్చు. ఏటా కొత్తగా కట్టి, భుజాన మోసి, పండుగ ముగియగానే విప్పివేసే ప్రభను కాపాడేది మనుషులే.

నేడు ఈ సంప్రదాయం ముందు కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. ఊళ్ల మధ్య ఇళ్లు, ప్రహరీలు పెరిగిన కొద్దీ ప్రభ నడిచే దారి ఇరుకవుతుంది. ఎత్తయిన ప్రభలకు విద్యుత్ తీగలు ప్రమాదకరం గనుక ఊరేగింపు సమయంలో సరఫరాను నిలిపివేయడం తప్పనిసరి. కోనసీమ యువకులు ఉపాధి కోసం హైదరాబాద్‌కు, గల్ఫ్ దేశాలకు తరలివెళ్లడం సర్వసాధారణమయింది. వారు సంక్రాంతికి స్వగ్రామం చేరుకుంటేనే ప్రభకు భుజం దొరుకుతుంది. భుజం దొరకని ఊరు చక్రాల బండిని ఆశ్రయిస్తే ప్రభ తోటకు చేరవచ్చు గాని, కౌశికను దాటలేదు.

దారిని ఆక్రమణలు లేకుండా చూడడం, తీగల విషయంలో ముందుగా జాగ్రత్త వహించడం, కౌశిక గట్ల వద్ద ఈతగాళ్లను, వైద్య సిబ్బందిని అందుబాటులో ఉంచడం అధికార యంత్రాంగం చేయదగిన సహాయం. ప్రభను కట్టే విధానాన్ని, మోసేవారి అనుభవాలను, గ్రామాల వారీ ఆచారాలను పెద్దల నోట విని నమోదు చేయడం పాత్రికేయులు చేయదగిన సేవ. తక్కినదంతా ఆ పదకొండు గ్రామాల ప్రజలకు తెలుసు. సాయంసంధ్య వేళకు వీడ్కోళ్లు ముగిసి, ప్రభలు వచ్చిన దారినే తమ ఊళ్లకు మరలుతాయి. అందరినీ పంపి భోగేశ్వరుడు చివరగా కదులుతాడు. జగ్గన్నతోట మళ్లీ కొబ్బరితోటగా మిగిలిపోయి, వచ్చే కనుమ కోసం ఎదురుచూస్తుంది.