పరుపు మన్నిక – దూదేకు విల్లు

హైదరాబాదు నుండి బీజాపూరుకు పోయే రహదారిపై మొయినాబాదు, చేవెళ్ల మీదుగా ప్రయాణము చేసినవారికి దారి కిరుప్రక్కలా గొడుగులు పట్టిన మర్రిచెట్లు పరిచితములే. ఆ మొయినాబాదు మండలములోనిదే సురంగల్ గ్రామము. నగరమునకు ఇంత చేరువలో నున్న పల్లెలో ఒక ఇంటివారు క్రొత్త పరుపు కొనదలచినారనుకొందాము. ఒక వైపు నగరములోని దుకాణములు రబ్బరు పరుపులను, నురుగు పరుపులను, స్ప్రింగు పరుపులను చూపించుచున్నవి. మరొక వైపు చేవెళ్ల ప్రాంతపు చేలలోనే పత్తి పండుచున్నది. ఏది ఒంటికి హాయి? ఏది పదికాలాలు మన్నుతుంది? ఇది అంగడిలో తేలవలసిన విషయము గాని చరిత్ర ప్రసంగములో చెప్పదగినదా యని శ్రోతలు కొందరు నవ్వుకొనవచ్చును. కాని మన్నిక అనే మాటకు మన తాతలనాడు ఉన్న అర్థము ఒకటి, నేటి అంగడిలో వినవచ్చే అర్థము మరొకటి. ఆ రెండింటికీ గల తేడాను తెలిసికొనక చేసిన ఎంపిక సగము ఎంపికయే అని మా అభిప్రాయము.

ముందుగా ఒక సత్యము చెప్పుకొనవలెను. మన దేశములో అత్యధిక సంఖ్యాకులు తరతరాలుగా పరుపు లేకయే నిద్రించినారు. ‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెత పగలంతా అరక దున్నినవాని నోట పుట్టినదే గాని, పట్టెమంచముపై పవళించినవాని నోట పుట్టినది కాదు. తుంగచాప, ఈతచాప, నులక మంచము, స్థితిపరుల ఇంట నవారు మంచము. పాత చీరలను పొరలుగా పేర్చి ఇల్లాలు కుట్టిన బొంత. తెలంగాణములో కురుమలు నల్లగొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగడి – ఇవి మన శయ్యలు. గొంగడి సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. అది పగలు వానకు గొడుగు, రాత్రి చలికి దుప్పటి, అలసినచోట పరుపు. పరుపు అన్న మాటకు మూలము ‘పరచు’ అన్న క్రియయే కదా! పరచినదెల్ల పరుపే. దూది నింపి కుట్టినదానికే ఆ పేరు స్థిరపడినది తరువాతి కాలమున. అట్టి పరుపు చాలా ఇండ్లలో జీవితమున కొక్కసారి, పెండ్లినాడు, ఆడపిల్ల వెంట మంచముతో సహా అత్తవారింటికి వెళ్లే వస్తువు. కావుననే అది మన్నవలసి ఉండెను. మరొకటి కొనే అవకాశము అరుదు.

కావ్యములలోని హంసతూలికా తల్పము మాట వేరు. ప్రబంధ నాయికలు దానిపై పడుకొనియు విరహముచే నిద్రలేక వేగిపోవుదురు గనుక, దాని సుఖమును గూర్చి వారి సాక్ష్యము మనకు అంతగా పనికిరాదు. అంతకన్న నమ్మదగిన సాక్ష్యము బౌద్ధుల వినయ పిటకములో నున్నది. భిక్షువుల పాచిత్తియ నియమములలో 88వది దూది నింపిన మంచమును గాని పీటను గాని చేయించుకొనరాదని శాసించుచున్నది. చేయించుకొన్నచో ముందు ఆ దూదిని పెరికివేయవలెను, పిమ్మట తప్పు ఒప్పుకొనవలెను. పెరికిన దూది ఏమి కావలెను? దానిని విడదీసి తలగడ చేసికొనవచ్చునని బుద్ధుడు అనుమతించినట్లు ఆ పిటకమే చెప్పుచున్నది. దూది మూడు విధములు: చెట్టు దూది, తీగ దూది, గడ్డి దూది. తలగడ తల పట్టునంతే ఉండవలెను, సగము దేహము పట్టునంత ఉండరాదు. నిషేధమున్నదనగా ఆ సుఖము అప్పటికే గృహస్థుల ఇండ్లలో నున్నదని వేరుగ చెప్పనక్కరలేదు. అమరావతి, నాగార్జునకొండ విహారములతో విలసిల్లిన మన కృష్ణాతీరమునకు ఈ నియమములు అపరిచితములు కావు. దూదిని విప్పి, విడదీసి, మరల వాడుకొనుట అంత ప్రాచీనమైన పద్ధతి అన్నది మనకు ఇచ్చట ముఖ్యము.

చెట్టు దూది యనగా మన బూరుగు దూది. దీనికీ పత్తికీ గల భేదమును ఇల్లాండ్రు చేతితోనే పోల్చుకొందురు. శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో పోల్చినారు. పత్తి పోగు చదునుగా, మెలితిరిగిన నాడావలె ఉండును. ఆ మెలిక వలననే నూలు వడకుట సాధ్యమైనది. బూరుగు పోగు గుండ్రని గొట్టము. లోపల గాలి, పైన మైనము వంటి పూత. మెలిక లేదు గనుక నూలుగా వడకుటకు రాదు, పూత ఉన్నది గనుక తడి పట్టదు. ఒకప్పుడు నావికులు నీట తేలుటకు ధరించిన చొక్కాలలో తెల్లబూరుగు దూదిని నింపుట అందుచేతనే. తలగడకు ఇంతకు మించిన దూది లేదు. పరుపునకు మాత్రము మేము సందేహింతుము. ఆ పోగు పెళుసు. మనిషి బరువు నిత్యము మోసినచో విరిగి, నలిగి, పొడియగును. పత్తికి ఆ దోషము లేదు. దానికి వేరొక దోషమున్నది: చెమట తేమను పీల్చి, బరువుక్రింద నణగి, పోగులు ఒకదానినొకటి పెనవేసికొని గడ్డకట్టును. పరుపును మెత్తగా చేయునది దూది కాదు, దూది పోగుల నడుమ నిలిచిన గాలి. గడ్డకట్టిన దూదిలో గాలి లేదు.

పోయిన ఆ గాలిని మరల దూదిలోనికి తెచ్చేవాడే దూదేకులవాడు.

ఎండకాలము రాగానే భుజమున పెద్ద విల్లు, చేత కొయ్య గూటము పట్టుకొని అతడు వీధిలోనికి వచ్చేవాడు. ఇంటిముందు నీడ చూచి కూర్చుండి పరుపు కుట్లు విప్పేవాడు. గడ్డకట్టిన దూదిని కుప్పవేసి, నరముతో బిగించిన వింటినారిని ఆ కుప్పకు తాకించి గూటముతో మీటేవాడు. నారి కంపించినప్పుడెల్ల పోగు పోగు విడిపోయి దూది పొగమంచు వలె లేచేది; దుమ్ము, గింజ తునకలు క్రిందికి రాలేవి. ధ్వనితో బ్రదికే మాబోటివారికి ఆ నాదము మరపురానిది. తంబురకు ముతక అన్నగారి గొంతు ఉన్నచో ఎట్లుండునో అట్లుండేది. ఏకిన దూదిని చారల గుడ్డతో కుట్టిన సంచిలో నింపి, కఱ్ఱతో కొట్టి మూలలకు సమముగా సర్ది, దబ్బనముతో ఆవలికీ ఈవలికీ కుట్లు వేసి బిగించేవాడు. కొలతలు అతనికి వేలికొసలపై ఉండేవి. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల ఒంటరి పరుపునకు పది పన్నెండు కిలోల దూది పట్టును. కోస్తా జిల్లాలలో దీనినే ఒక మణుగు అనేవారు. మణుగనగా ఎనిమిది వీశెలు, నేటి లెక్కలో పదకొండు కిలోలకు కొంచెము పైన. రెండు మూడేండ్ల కొకసారి ఇట్లు ఏకించినచో అదే దూది ఎన్నో ఏండ్లు పనిచేసేది. పైగుడ్డ చిరిగినచో గుడ్డ మాత్రమే మార్చేవారు. పరుపు పాతబడేది కాదు, మరల పుట్టేది. పూర్వులు మన్నిక అన్నది దీనినే.

ఈ పనిని వృత్తిగా చేసికొన్నవారు దూదేకులవారు. వారినే నూర్‌బాషాలనీ, పింజారులనీ, లద్దాఫులనీ కూడ వ్యవహరింతురు. మతము ఇస్లాము, ఇంటి భాష పలుచోట్ల తెలుగు. 1909లో ప్రకటితమైన థర్‌స్టన్ గ్రంథము దక్షిణదేశపు కులములలో వీరిని వర్ణించినది. 17వ శతాబ్ది నాటి పోతులూరి వీరబ్రహ్మము గారి ప్రియశిష్యుడు సిద్ధయ్య ఈ కుటుంబముల వాడేనని సంప్రదాయము. కోస్తాలో వీరిలో పలువురు దేవాలయములలో నాదస్వరము వాయించి కీర్తి గడించినారు. వింటినారి మీటిన చేతికి స్వరజ్ఞానము అబ్బుటలో వింతలేదని మేము అనుకొందుము. ఇది చరిత్ర కాదు, మా ముచ్చట. 1970 నాటి వెనుకబడిన తరగతుల సంఘపు నివేదిక తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు జాబితాలో వీరు ‘బి’ వర్గమున చేరినారు. ఆ చేరిక వెనుక దారిద్ర్యమున్నది. మన మెత్తని నిద్రకు వారు చెల్లించిన మూల్యము మరొకటి కూడ కలదు. పత్తి ధూళిని ఏండ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తులు ఎట్లు చెడునో వైద్యులు మిల్లు కార్మికులలో చూచి, ఆ వ్యాధికి బిస్సినోసిస్ అని పేరు పెట్టినారు. వీధిలో ఏకినవాని దగ్గును ఏ పుస్తకములోను వ్రాసిపెట్టినవారు అరుదు.

ఆ విల్లును వీధినుండి తరిమినది రెండు దిక్కుల నుండి వచ్చిన మార్పు. ఒకటి, పండ్ల చక్రముతో దూదిని గడియలో ఏకివేసే యంత్రము. పని త్వరగా తెములును గాని పోగు తెగి పొట్టిదగును. పొట్టి పోగు త్వరగా అణగును. రెండవది, అసలు ఏకనక్కరలేని పరుపు. 1929లో ఇంగ్లండులోని డన్‌లప్ సంస్థవారు రబ్బరు పాలను గిలకొట్టి నురుగుగా చేసి గట్టిపరచే విధానమును కనుగొన్నారు. 1937లో జర్మనీలో ఆటో బేయర్ బృందము పాలీయూరిథేన్ అనే పదార్థమును సృష్టించినది. 1950ల నుండి దానితో చేసిన మెత్తని నురుగు పరుపులు లోకమంతట వ్యాపించినవి. మన దక్షిణదేశమున కొబ్బరిపీచునకు రబ్బరు పాలు పట్టించి చేసిన పరుపులు వచ్చినవి. వీటిని తేలికగా కొట్టివేయరాదు. ఇవి గడ్డకట్టవు, తేలిక, ఏటేటా మనిషికోసము ఎదురుచూడనక్కరలేదు. అయితే అణగిన నురుగునకు పునర్జన్మ లేదు. దానిని విప్పి ఏకేవాడు ఎచ్చటను పుట్టలేదు.

ఇక కొనుగోలు సంగతి. నురుగు పరుపు కొనువారు ‘డెన్సిటీ’ అనే అంకెను అడుగవలెను. 32 అనగా ఒక ఘనమీటరు నురుగు 32 కిలోలు తూగునని అర్థము. ఈ అంకె మన్నికను సూచించును గాని గట్టిదనమును కాదు. పెద్ద అంకె గల పరుపు కూడ మెత్తగా ఉండవచ్చును. దుకాణమువారు ఈ రెండింటినీ కలిపి చెప్పినచో విడదీసి అడుగుడు. గట్టి పరుపే నడుమునకు మంచిదన్న నమ్మకము మన ఇండ్లలో బలముగా నున్నది. స్పెయిన్ దేశములో నడుమునొప్పి గల 313 మందిపై జరిపిన పరీక్షా ఫలితములు 2003లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వెలువడినవి. 90 దినముల తరువాత చూడగా, బాగా గట్టి పరుపుపై నిద్రించినవారికన్న మధ్యస్థముగా గట్టిదైన పరుపుపై నిద్రించినవారికే నొప్పి ఎక్కువగా తగ్గినది. కావున కొనేముందు దుకాణములోనే చెప్పులు విడిచి, ప్రక్కకు తిరిగి పది నిమిషములు పడుకొనుడు. భుజము, తుంటి కొంచెము దిగి, నడుము వ్రేలాడకున్నచో ఆ పరుపు మీకు తగినది. సిగ్గుపడనక్కరలేదు, రాత్రులు దానిపై గడపవలసినవారు మీరు.

ఇల్లాండ్రు గమనింపవలసినది మరొకటి. పరుపును మేడపైకి మోసి ఎండబెట్టుట మన ఇంటి అలవాటు. పత్తికి అది ప్రాణము: తేమ పోవును, నల్లులు పోవును, దూది పొంగును. రబ్బరు నురుగునకు ఆ ఎండయే శత్రువు, పెళుసై పొడిరాలును. పాలీయూరిథేనునకు కూడ తీవ్రమైన ఎండ హాని చేయును. అమ్మమ్మ పరుపునకు చేసిన ఉపచారము మనుమరాలి పరుపునకు అపకారము. దానిని నీడలో గాలికి నిలబెట్టిన చాలును.

పత్తి పరుపు కొనువారు ఒక మూల కుట్టు విప్పించి చూడవలెను. లోపల రంగురంగుల పోగులు కనబడినచో అది పాత గుడ్డలను చించి చేసిన దూది. వెల ఎంత తక్కువైనను అది తొందరలోనే ఉండలు కట్టును. తెల్లగా, పొడుగు పోగుతో, గింజ తునకలు లేక ఉన్నదానినే తూకము వేయించి కొనుడు. మా మొగ్గు ఇటువైపే నని శ్రోతలు ఈపాటికి గ్రహించియుందురు. అయినను సురంగల్‌లోని ఆ ఇంటివారు పత్తి పరుపును నిశ్చయించుకొనుటకు ముందు విచారింపవలసినది ఒకటున్నది: రెండేండ్ల తరువాత దానిని విప్పి ఏకి కుట్టియిచ్చే మనిషి ఆ దారిన ఇంకను వచ్చుచున్నాడా? విల్లుతో గాకున్న యంత్రముతోనైనను సరే. రానిచో నురుగు పరుపే కొనుట మేలు. వచ్చుచున్నచో, కుట్లు విప్పేముందు అతని ముక్కునకు అడ్డముగా గుడ్డ ఉన్నదో లేదో చూచి, లేకున్న ఇంటిలోనిది ఒకటి తెచ్చి ఇయ్యుడు.