నిడుగల్లు శోకగాథ

కర్ణాటక తుమకూరు జిల్లా పావగడకు పడమటి దిక్కున నిడుగల్లు దుర్గం ఉంది. చుట్టూ మెట్టచేలు, శెనక్కాయ పొలాలు, గుండ్లు పేరుకున్న గుట్టలు. కొండ ఎక్కితే కోటగోడల శిథిలాలు, పాత గుళ్లు కనిపిస్తాయి. పదమూడో శతాబ్దంలో ఇది ఒక చోళ వంశానికి రాజధాని. చోళులనగానే తంజావూరు వైపు చూసే మనకు, పావగడ తాలూకాలో చోళులు ఏలారంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఏలారు. వెలిగారు. కూలిపోయారు. వాళ్లు కూలిన కథను తమదని చెప్పుకునేవాళ్లు ఈనాడు ఏ పక్కనా కనబడరు. అందుకే ఆ గాథను ఒకసారి మొదటి నుంచీ చెప్పుకోవాలి.

వీళ్లు తెలుగు చోళుల్లో ఒక శాఖ. తెలుగులో దొరికిన తొలి శాసనంగా పేరుపడ్డ కలమళ్ల శాసనం వేయించిన రేనాటి చోళుల మాదిరిగానే వీళ్లూ కరికాల చోళుని సంతతి అని చెప్పుకున్నారు. కావేరి ఒడ్డున తమిళ చోళుల తొలి రాజధాని ఒరెయూరు. నిడుగల్లు రాజులు ఆ ఊరిని కంటితో చూశారో లేదో గాని, ఒరెయూరు పురవరాధీశ్వరులమన్న బిరుదును మాత్రం తరతరాలుగా శాసనాలకెక్కించారు. ఎక్కడి కావేరి, ఎక్కడి పెన్న! వానల కోసం మొగులు వైపు చూసే ఈ కరువు సీమలో నిలబడి, నిండుగా పారే ఏటి ఒడ్డున పుట్టామని గుర్తుపెట్టుకున్న వంశమది.

ఆ వంశం నిడుగల్లుకు ముందు హెంజేరులో కుదురుకుంది. నేటి శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురం మండలంలోని హేమావతే ఆనాటి హెంజేరు. చోళులు వచ్చేనాటికే ఆ ఊరు ఒక పతనాన్ని చూసి ఉంది. ఎనిమిదో శతాబ్దం నుంచి అక్కడ నొళంబులు ఏలారు. మహేంద్రుడు, అయ్యపదేవుడు వంటి రాజుల కాలంలో నొళంబవాడి 32,000 నాడుగా పేరు మోసింది. హేమావతి శిల్పులు నల్లరాతిని నునుపుదేర్చి, సన్నని నగిషీ చెక్కి, గుడి గోడల్లో బొమ్మల జాలకాలు అమర్చారు. పదో శతాబ్దంలో గంగరాజు రెండో మారసింహుడు నొళంబుల మీద పడి, నొళంబకులాంతకుడన్న బిరుదు తగిలించుకున్నాడు. ఒక వంశాన్ని తుదముట్టించానని చాటుకునే బిరుదు అది. పదకొండో శతాబ్దంలో తంజావూరు చోళులు దండెత్తి వచ్చి, నొళంబుల పనితనం చూసి మనసు పడ్డారు. చెక్కిన స్తంభాలను నలభైకి పైగా తమ సీమకు తరలించుకుపోయారు. కావేరి తీరాన తిరువయ్యారు పంచనదీశ్వరుని ఆలయంలో అవి ఈనాటికీ నిలిచి ఉన్నాయి. అక్కడికి వెళ్లే భక్తుల్లో ఎంతమందికి తెలుసు, ఆ స్తంభాలు పెన్నా సీమలో పుట్టాయని?

అలా దోపిడీకి గురైన ఊళ్లోనే నిడుగల్లు చోళుల పూర్వులు దీపం పెట్టారు. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉంటూ, మహామండలేశ్వరులనిపించుకుంటూ ఈ మెట్టసీమను కాపాడారు. వాళ్ల మంచిరోజులు ఎలాంటివో తెలియాలంటే మడకశిర దగ్గరి పాటశివరం శాసనం చదవాలి. 1185లో పద్మప్రభ మలధారిదేవుడనే జైన ముని అక్కడ దేహం చాలించాడు. కుందకుందాచార్యుని నియమసారానికి సంస్కృతంలో వ్యాఖ్య రాసిన పండితుడాయన. ఆ వ్యాఖ్యను జైనులు ఈనాటికీ పారాయణ చేస్తారు. అప్పుడు చాళుక్య చక్రవర్తి నాలుగో సోమేశ్వరుడు. హెంజేరులో ఏలుతున్నవాడు త్రిభువనమల్ల భోగదేవ చోళుడు. కాశీకి, కంచికి దూరంగా ఉన్న ఈ రాళ్ల సీమలో అంతటి పండితుడికి ఆదరువు దొరికిందంటే, ఆ ఏలిక ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

తరువాత రాజధాని నిడుగల్లు కొండ మీదికి చేరింది. 1232 నాటి శాసనం ప్రకారం, ఇరుంగోళదేవ చోళుడు ఏలుతుండగా గాంగేయన మారెయ అనే ఆయన ఆ కొండ మీద పార్శ్వనాథునికి బసది కట్టించాడు. హేమావతిలో శివుడు, నిడుగల్లులో జినుడు, ఇద్దరికీ ఒకే రాజ్యంలో పూజలు జరిగాయి.

1278 నాటి అమరాపురం శాసనం ఇంకా మనసును పట్టేస్తుంది. నిడుగల్లు నుంచి ఇరుంగోణ చోళ మహారాజు ఏలుతున్నాడు. మల్లిసెట్టి అనే జైన శ్రావకుడు తమ్మడహళ్ళిలో తన పాలికి వచ్చిన రెండు వేల వక్కచెట్లను ధర్మానికి రాసిచ్చాడు. ఆ రాబడితో బ్రహ్మ జినాలయాన్ని పునాది నుంచి కలశం దాకా రాతితో తిరిగి కట్టాలని ఏర్పాటు. అక్కడి పూజారి పాండ్యదేశం నుంచి వచ్చిన జైన బ్రాహ్మణుడు. ఒక్క శాసనంలో ఎన్ని సంగతులు! ఈ నేలలో రెండు వేల వక్కచెట్ల తోపు నిలిచిందంటే చెరువులు నిండి ఉండాలి, కాలువలు పారి ఉండాలి. గుడి వందల ఏళ్లు నిలవాలని రాతితో కట్టించారంటే రేపటి మీద నమ్మకం ఉండి ఉండాలి. దక్షిణాది కొస నుంచి ఒక పూజారి వచ్చి స్థిరపడ్డాడంటే ఈ రాజ్యానికి పేరు ఉండి ఉండాలి.

ఆ నమ్మకం ఎక్కువ కాలం నిలవలేదు. పన్నెండో శతాబ్దం చివరికే కల్యాణి చాళుక్యుల సామ్రాజ్యం కూలింది. నిడుగల్లు చోళులకు తల మీద నీడ పోయింది. ఉత్తరాన దేవగిరి సేవుణులు, దక్షిణాన హొయసలులు. మధ్యలో ఈ చిన్న రాజ్యం రెండు ఎద్దుల కుమ్ములాటలో లేగదూడలా నలిగింది. హొయసలులతో వీళ్ల పగ పాతది. విష్ణువర్ధనుడి బిరుదుల్లోనే నొళంబవాడిగొండ అన్నది ఒకటి. ఆ తరువాత వచ్చిన హొయసల రాజులూ ఈ సీమను వదల్లేదు. హెంజేరు చదును నేలలో ఉన్న పట్నం. నిడుగల్లు నిట్టనిలువు కొండ. చదును నుంచి కొండకు రాజధాని ఎక్కిందంటే, శత్రువు ఎంత దగ్గరికి వచ్చాడో చెప్పకనే తెలుస్తుంది. కొండ వాళ్లను కొన్నాళ్లు కాచింది. పదమూడో శతాబ్దం ముగిశాక, మహామండలేశ్వరులుగా ఏలిన నిడుగల్లు చోళులు చరిత్ర నుంచి తప్పుకున్నారు. చివరి రాజు ఎలా పోయాడో పాడిన పాట లేదు, చెక్కిన వీరగల్లూ మనకు ప్రసిద్ధం కాలేదు. బొబ్బిలికి కథ మిగిలింది, పల్నాటికి కథ మిగిలింది. నిడుగల్లుకు కథ కూడా మిగల్లేదు. ఆ రాజ్యం పోవడం ఒక ఎత్తు, దాన్ని తలుచుకుని ఏడ్చేవాళ్లు లేకపోవడం ఒక ఎత్తు.

కోట మాత్రం బతికింది. విజయనగర కాలంలో ఈ నేల పెనుకొండ నీడన చేరింది. 1354 నాటి పెనుకొండ శాసనం ఆ కోటను బుక్కరాయల కాలానిదిగా చెబుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం విజయనగరాన్ని కూల్చాక రాజధాని ఆ పెనుకొండకే తరలివచ్చింది. రాయల పట్టు సడలేకొద్దీ ప్రతి దుర్గానికీ ఒక పాళెగాడు తేలాడు. నిడుగల్లు హరతి పాళెగాళ్ల చేతికి వచ్చింది. 1761లో హైదరలీ శిరాను పట్టుకున్నాక వాళ్లు అతడికి కప్పం కట్టి నిలిచారు. టిప్పు కాలంలో ఆ పాళెం కూడా ముగిసింది. ఇలా ఒకే కొండ మీద రెండుసార్లు దీపం ఆరింది.

ఇంతవరకూ కత్తులు చేసిన పని. అసలైన కోత తరువాత కాగితం మీద జరిగింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు రాజ్యాన్ని పంచుకున్నారు. పావగడ మైసూరు ఒడయార్లకు దక్కింది. నిజాం తన వాటాను 1800లో కుంపిణీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. హేమావతి, అమరాపురం, పాటశివరం ఉన్న మడకశిర తాలూకా మద్రాసు వైపు ఉండిపోయింది. నిడుగల్లు మైసూరు వైపు ఉండిపోయింది. ఒకే వంశపు రెండు రాజధానుల నడుమ సరిహద్దు రాళ్లు పాతుకున్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషను బట్టి రాష్ట్రాల ఏర్పాటు వచ్చాక ఆ గీత మరింత ముదిరింది. మ్యాపులో చూస్తే పావగడ తాలూకా ఆంధ్ర నేల మధ్యకు చొచ్చుకుని, దాదాపు అన్ని వైపులా ఆంధ్రనే చుట్టుకుని ఉంటుంది. జిల్లా కేంద్రం తుమకూరుకు పోవాలన్నా చాలామంది ఆంధ్ర నేల మీదుగా పోవలసిందే.

ఆ గీత వల్ల నష్టం ఏమిటంటే, ఈ చరిత్రకు ఇల్లు లేకుండా పోయింది. రాజులు తెలుగు చోళులు, వాళ్ల శాసనాల్లో ఎక్కువ భాగం కన్నడం. తెలుగు వాళ్లు అవి కన్నడ శాసనాలని పక్కన పెట్టారు. కన్నడ చరిత్రకారులకు హొయసలులు, విజయనగరం ఉండగా ఈ చిన్న సామంతులు అధ్యాయం చివర రెండు వాక్యాలయ్యారు. నిడుగల్లు శాసనాలు 1904లో బి.ఎల్.రైస్ ప్రచురించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పన్నెండో సంపుటంలో ఉన్నాయి. అమరాపురం శాసనాలు మద్రాసు శాసనశాఖ సేకరణలో చేరాయి. ఒకే రాజు మాటలు రెండు చోట్ల అచ్చయి, ఒకదాన్నొకటి పలకరించుకోలేని స్థితి. హేమావతి శిల్పాల్లో మేలైనవి చెన్నపట్నం మ్యూజియంలో ఉన్నాయి. స్తంభాలు తిరువయ్యారులో ఉన్నాయి. కొండ కర్ణాటకలో ఉంది. గుడి ఆంధ్రలో ఉంది. ఈ సీమ కొండకోటలన్నిటికీ పట్టిన పీడ ఇంకొకటి ఉంది, నిక్షేపాల వెర్రి. అర్ధరాత్రి గునపాలతో వచ్చేవాళ్లు నంది పొట్ట పగలగొట్టి, లింగాన్ని పెళ్లగించి పోతారు. బంగారం దొరకదు. ఎనిమిది వందల ఏళ్ల అక్షరం మాత్రం ముక్కలవుతుంది.

పావగడ పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. తిరుమణి చుట్టుపక్కల పదమూడు వేల ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సామర్థ్యంతో సౌరవిద్యుత్ పార్కు వెలిసింది. రైతులు భూములు అమ్ముకోకుండా కౌలుకిచ్చారు. మంచిదే. కరువు తప్ప మరో వార్త లేని తాలూకాకు అది ఆసరా. పార్కు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. శనిమహాత్ముని గుడికి శ్రావణమాసంలో జనం పోటెత్తుతారు. నిడుగల్లును చూడడానికి మాత్రం ఎవరూ బయలుదేరరు, దారి చెప్పేవాళ్లు లేరు కాబట్టి.

దారి చెప్పగలిగిన వాళ్లు ఎవరంటే పావగడ వాళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చిన మనిషి ఈ తాలూకాలో ఊరూరా ఉన్నాడు. నిడుగల్లు చోళుల చరిత్ర రాయడానికి సరిగ్గా కావలసింది ఆ మనిషే. ఆ రాజులు బతికిందీ ఆ రెండు భాషల మధ్యనే. హైస్కూలు అయ్యవార్లు ఏడాదికి ఒకసారైనా పిల్లల్ని కొండ ఎక్కించాలి, అక్కడి నుంచి హేమావతికి తీసుకుపోవాలి. 1232 శాసనాన్నీ, 1278 శాసనాన్నీ పక్కపక్కన పెట్టి రెండు భాషల్లో ఒక చిన్న పుస్తకం వేయాలి. రాజ్యోత్సవానికీ ఉగాదికీ వేసే నాటకాల్లో ఒకటైనా ఇరుంగోళుని మీద ఉండాలి. పావగడలోనూ మడకశిరలోనూ ఉన్న సాహిత్య సంఘాలు సరిహద్దు దాటి ఒక వేదిక మీదికి రావాలి. కొండల మీద తవ్వకాలు కనబడితే ఊరివాళ్లు పోలీసులకు చెప్పాలి, చూసీచూడనట్టు పోకూడదు. కూలిపోయిన రాజ్యాన్ని మనం తిరిగి నిలబెట్టలేం. మరుపు కూల్చుతున్న దాన్ని నిలబెట్టడం మాత్రం పూర్తిగా మన చేతిలో పని. ఆ పని పావగడ బడుల నుంచే మొదలు కావాలి, ఈ ఏడాదే మొదలు కావాలి.