లక్ష్మి పేరులో అక్షరాలెన్ని? 21, 7, 4, లేక 2?

ఈరోజు పాతబస్తీలో ఛత్తా బజార్‌కి వచ్చాను. పెళ్లి కార్డుల ప్రింటింగ్‌కి, ఉర్దూ కాలిగ్రఫీకి పేరున్న గల్లీ ఇది. ఇక్కడ ఓ షాపులో పాత స్క్రిప్ట్ ఒకటుంది. ఎవరో రాసి వెళ్లిపోయారు. పేరు ఇస్తే కమాండ్ లైన్‌లో అక్షరాల లెక్క చూపిస్తుంది, 20 దాటితే చివర కోసేస్తుంది.

మొన్న ఓ పెళ్లికూతురి పేరు "లక్ష్మి"కి "21 అక్షరాలు" అంది. మి మీది గుడి ఎగిరిపోయి "లక్ష్మ" మిగిలింది, పక్కన ఓ ప్రశ్న గుర్తు. ప్రూఫ్‌లో దొరికింది కాబట్టి సరిపోయింది, లేదంటే 500 కార్డులు చెత్తబుట్టకే. "లక్ష్మిలో 21 అక్షరాలేంది భాయ్?" అన్నాడు షాపాయన.

జవాబు చరిత్రలో ఉంది. స్క్రిప్ట్ లోపల వాడింది డబ్ల్యూసీ అనే కమాండ్. 1971 నుంచే యూనిక్స్‌లో ఉంది. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో "సీ" ఆప్షన్ అంటే క్యారెక్టర్లు. అప్పట్లో ఇంగ్లిష్ అక్షరం ఒకటంటే బైట్ ఒకటే కాబట్టి తేడా రాలేదు. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోకి తెలుగు వచ్చింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 తయారుచేశారు. అందులో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. లక్ష్మిలో సంకేతాలు 7: ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, గుడి. ఏడు మూళ్లు 21! అంటే నంబర్ కరెక్టే, పక్కన "అక్షరాలు" అన్న మాటే అబద్ధం.

ఆ సంగతి చూడకుండా, తప్పు వచ్చినప్పుడల్లా ఎవరో ఒక "ఇఫ్" అతికించారు. శ్రీ వస్తే ఇంత తీసెయ్, క్ర వస్తే అంత తీసెయ్... క్ష్మి ఆ లిస్టులో లేదు, అంతే.

నేను ఆ ఇఫ్‌లన్నీ పీకేసి, యూనికోడ్ రూల్స్ ప్రకారం అక్షరాలు విడదీసే లైబ్రరీని ఒక్కసారి పిలిచా. 4 అంది! ల, క్, ష్, మి. ఇంకో ఇఫ్ పెడదామని చెయ్యి లాగింది, ఆగాను. లైబ్రరీ పాతది. తెలుగు ఒత్తుల్ని కలిపి లెక్కపెట్టే రూల్ 2023 సెప్టెంబర్‌లో, యూనికోడ్ 15.1తో వచ్చింది. అప్‌డేట్ చేశాక 2: ల, క్ష్మి. మన పలకమీద నేర్చుకున్న లెక్క!

పాత కోడ్ తప్పు చూపిస్తే వెంటనే అతుకు వెయ్యకండి. అది అసలు దేన్ని లెక్కపెడుతోందో ముందు అడగండి.

ఇప్పుడు మీ ఫోన్‌లో మీ పేరు తెలుగులో కొట్టి, బ్యాక్‌స్పేస్ ఎన్నిసార్లు నొక్కితే మొత్తం పోతుందో లెక్కపెట్టండి. మళ్లీ కలుద్దాం!