ఉర్దూ బడి, తెలుగు చెవి: కళాశాలకు ముందు సి.నారాయణరెడ్డి (1931–1949)

ఆధునిక కవులపై వెలువడే పరిశోధన గ్రంథాలలో మొదటి అధ్యాయం సాధారణంగా 'కవి జీవిత విశేషాలు'. జన్మస్థలం, తల్లిదండ్రులు, విద్యాభ్యాసం, ఉద్యోగం, పురస్కారాలు అనే వరుస అందులో తప్పదు. ఆచార్య సి.నారాయణరెడ్డి గురించి రాసిన చోట్ల ఈ వరుస మధ్యలో ఒక వాక్యం పదేపదే కనిపిస్తుంది. బాల్యంలో ఆయన హరికథలు, జానపద గేయాలు, జంగం కథల పట్ల ఆకర్షితులయ్యారన్నదే ఆ వాక్యం. తరువాతి వాక్యానికే కథ హైదరాబాదు చేరుతుంది. ఆపై 'నాగార్జునసాగరం', 'కర్పూర వసంతరాయలు', 'విశ్వంభర', 1988 జ్ఞానపీఠ పురస్కారం. పద్దెనిమిదేళ్ల జీవితం ఆ ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. నిజానికి ఒక కవికి లయ, పదం, పాదం ఎక్కడ పట్టుబడ్డాయన్న ప్రశ్నకు జవాబు ఆ వాక్యంలోనే ఉంది. దానిని విప్పి చూడవలసిన అవసరం ఉంది.

సింగిరెడ్డి నారాయణరెడ్డి 1931 జూలై 29న నాటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో జన్మించారు. తండ్రి మల్లారెడ్డి వ్యవసాయదారుడు. తల్లి బుచ్చమ్మ. ఊరు వేములవాడకు సమీపంలోనిది. వేములవాడ అనగానే సాహిత్య చరిత్రకారులకు చాళుక్య రెండవ అరికేసరి ఆస్థానంలోని పంప మహాకవి, ఆయన సోదరుడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనం గుర్తుకు రావడం సహజం. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటికీ చోటిచ్చిన ఆ శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. రైతు కుటుంబంలో పుట్టిన పిల్లవానికి ఆ శాసనంతో ప్రత్యక్ష సంబంధమేదీ ఉండనక్కరలేదు. ఒక భాష రాజ్యానికి, మరొక భాష ఇంటికి, ఇంకొకటి గుడికి చెంది ఒకే నేలపై కలిసి బతకడం ఆ ప్రాంతానికి కొత్త కాదని చెప్పడం వరకే ఆ ప్రస్తావనకు ప్రయోజనం.

నారాయణరెడ్డి పుట్టేనాటికి రాజ్యభాష ఉర్దూ. హైదరాబాదు సంస్థాన పరిపాలనలో 1880లలో పారశీకం స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఒక దేశీయ భాషలో బోధించిన సంస్థగా ఖ్యాతి గడించింది. అయితే సంస్థాన ప్రజలలో అధిక సంఖ్యాకుల మాతృభాష ఆ దేశీయ భాష కాదు. విశ్వవిద్యాలయ మాధ్యమం ఏదైతే ఉన్నత పాఠశాలల మాధ్యమమూ అదే కావడం అనివార్యమైంది. ఆ ఒత్తిడి ఎంతటిదో ఒక్క ఉదాహరణ తెలుపుతుంది. మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో బాలికలకు తెలుగు మాధ్యమంలో పాఠశాల నడిపినప్పుడు ఉస్మానియా గుర్తింపు లభించక, పుణెలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయానికి దానిని అనుబంధించవలసి వచ్చింది. తెలుగు ఆడపిల్లలు తెలుగులో పరీక్ష రాయడానికి మరాఠీ దేశపు ఆసరా కావలసి వచ్చిందన్నమాట.

అదే మాడపాటి అధ్యక్షతన 1935లో నాలుగవ ఆంధ్ర మహాసభ సిరిసిల్లలో జరిగింది. మాతృభాషలో విద్య ఆ మహాసభలు పదేపదే చేసిన కోరికలలో ఒకటి. అప్పటికి నారాయణరెడ్డికి నాలుగేళ్లు. కొన్నేళ్ల తరువాత మాధ్యమిక విద్య కోసం ఆయన చేరింది ఆ సిరిసిల్లలోనే. చేరిన బడి మాత్రం ఉర్దూ మాధ్యమం. సభ తీర్మానానికీ తరగతి గదికీ మధ్య దూరం అంత తేలికగా తరగలేదు.

దానికి ముందటి దశ వీధిబడి. నాటి తెలంగాణ పల్లెలలో వీధిబడి అంటే ఇసుకలో వేలితో దిద్దడం, ఎక్కాలు, పెద్దబాలశిక్ష, శతక పద్యాలు. ఈ చదువులో అక్షరం కంటే కంఠస్థం ముఖ్యం. పుస్తకం పంతులు చేతిలో ఉంటే పద్యం పిల్లల నోట ఉండేది. సుమతి, వేమన శతకాలతో పాటు ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం ఆ ప్రాంతపు పిల్లలకు దగ్గరిది. ఈ కంఠస్థ విద్యను అర్థం తెలియని చిలుక పలుకులుగా విమర్శించినవారున్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే సీస పద్యపు నడక అర్థం కన్నా ముందు చెవికి అబ్బితే, ఆ చెవి తరువాత ఏ మాధ్యమంలో చదివినా దానిని మరచిపోవడం కష్టం. గణ విభజన తెలియక ముందే గణం తెలియడమన్నది వీధిబడి ఇచ్చిన విద్య.

వీధిబడి వెలుపల మరొక బడి ఉంది. దానికి హాజరు పట్టీ లేదు, పరీక్షా లేదు. చరిత్రకారులు 'ఆకర్షితులయ్యారు' అని తేల్చివేసేది దీనినే. ఆ మూడు కళారూపాలను ఒకే గాటన కట్టడం వల్ల వాటి మధ్య భేదం కనుమరుగవుతోంది. ఛందస్సు దృష్టితో చూస్తే అవి మూడు వేర్వేరు పాఠాలు.

హరికథ మార్గ సాహిత్యాన్ని పల్లెకు మోసుకొచ్చిన రూపం. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో పూలదండతో దాసుగారు ఒక్కరే అన్ని పాత్రలూ అవుతారు. కథ నడిచేది వచనంలో. భావం చిక్కబడిన చోట కీర్తన, వర్ణన వచ్చిన చోట పద్యం, పరుగందుకోవలసిన చోట రగడ. ఉత్పలమాల, చంపకమాల, మత్తేభం అన్న పేర్లు వినని శ్రోత కూడా వాటి ఆరోహణ అవరోహణలను రాగంతో సహా గ్రహిస్తాడు. సంస్కృత సమాసం విన్న మరుక్షణంలో దాసుగారు ఇంటిభాషలో చెప్పే పిట్టకథ వస్తుంది. ఉన్నత శైలి నుంచి వాడుక శైలికి, అక్కడినుంచి మళ్లీ పైకి జంకు లేకుండా రాకపోకలు చేయడం హరికథ నేర్పే విద్య. సినారె వేదిక మీద ఉపన్యసించిన తీరు ఎరిగినవారికి ఈ రాకపోకలు కొత్తగా అనిపించవు. ప్రసంగం మధ్యలో పాట ఎత్తుకోవడం, పాట ఆపి చమత్కరించడం, తిరిగి కావ్య చర్చలోకి రావడం ఆయన ప్రసంగాలలో అందరూ చూసినదే.

జంగం కథ తీరు వేరు. కథకుని భుజాన తంబుర, చేతికి అందెలు. ఇరువైపులా వంతలు డక్కీలు వాయిస్తూ అతని పాదాన్ని అందుకుంటారు. బాలనాగమ్మ, కాంభోజరాజు వంటి కథలు రాత్రుల తరబడి సాగేవి. ద్విపదకు దగ్గరైన నడక, దాని మీద వంతల తాళం దీని బలం. కథకుడు పాదం చివర ఆగితే వంతలు ఆ చివరి మాటను సాగదీస్తారు. ఆ సాగదీతలో కథకునికి తరువాతి పాదం సిద్ధమవుతుంది. దీర్ఘమైన కథను విసుగు లేకుండా పద్యంలో నడపడమెలా అన్న ప్రశ్నకు ఇది పల్లె ఇచ్చిన జవాబు. 1955లో 'నాగార్జునసాగరం', 1957లో 'కర్పూర వసంతరాయలు' వెలువడ్డాయి. కుమారగిరి రెడ్డి, నర్తకి లకుమల కథను వృత్త పద్యాలలో చెప్పడానికి కావలసిన శిక్షణ అప్పటికి కవికి ఉంది. అయినా ఆయన గేయకావ్యాన్ని ఎన్నుకున్నారు. ఆ ఎంపికను ముత్యాలసరాల పరంపరకు, భావకవుల గేయాలకు మాత్రమే ముడిపెట్టే పద్ధతి విమర్శలో ఉంది. గేయంలో కథ చెప్పవచ్చునన్న నమ్మకం పుస్తకాలకన్నా ముందు జంగం కథల రాత్రులలో ఏర్పడిందనడానికి ఎక్కువ ఆస్కారం ఉంది.

ఇక జానపద గేయం. నాటు, కలుపు, కోత, మోట, దంపుడు ఇవన్నీ పాటలతో సాగిన పనులు. పనికి తగిన ఊపిరి, ఊపిరికి తగిన మాత్రలు. బతుకమ్మ పాటలో పాదం ముగిసే చోట 'ఉయ్యాలో' అన్న పల్లవి పదం వస్తుంది. ఒకరు చెప్పిన పాదాన్ని వలయంలోని స్త్రీలందరూ తిరిగి అనేటప్పుడు చప్పట్లు, అడుగులు మాత్రలను లెక్కపెడతాయి. తిస్ర, చతురస్ర, ఖండ, మిశ్ర గతులను శాస్త్రం తరువాత వివరిస్తుంది. రైతు ఇంటి పిల్లవానికి అవి పొలంలో, వాకిట్లో వినిపించాయి. ఆసక్తికరమైన విషయమేమిటంటే, ఈ గేయాలు విశ్వవిద్యాలయంలో ప్రవేశించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1950ల నడుమ బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యంపైనే పరిశోధన చేశారు. తరగతికి వెలుపల ఉండిపోయిన పాటే పట్టానిచ్చే విషయమైంది.

సిరిసిల్ల మాధ్యమిక పాఠశాల, కరీంనగర్ ఉన్నత పాఠశాల ఈ రెండూ ఉర్దూలో సాగిన చదువులు. తెలుగు అక్కడ ఐచ్ఛికాంశం మాత్రమే. గణితం, చరిత్ర, భూగోళం, ప్రకృతి శాస్త్రం అన్నీ ఉర్దూ పరిభాషలో. తెలంగాణ ఉద్యమ సాహిత్యం ఈ స్థితిని అణచివేతగా వర్ణించింది. ఆ వర్ణన సమంజసమే. సొంత భాష ఐచ్ఛికంగా మిగిలిన బడిలో పిల్లవాడు తన భాషను చిన్నచూపు చూడటం నేర్చుకుంటాడు. వకీలు, తహసీల్దారు, డాక్టరు కావాలనుకునే విద్యార్థికి తెలుగు పద్యం వల్ల వచ్చే మార్కులు పెద్ద ఆకర్షణ కావు. ఆ తరంలో ఎంతమంది రచనా శక్తి ఉండీ తెలుగులో నాలుగు వాక్యాలు రాయడానికి జంకి ఊరుకుండిపోయారో సాహిత్య చరిత్రకు తెలియదు. చరిత్ర రాయగలిగేది రాసినవారి గురించే. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తీసుకొచ్చినది తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగానే. ఆ మాట పుట్టడానికి దారితీసిన పరిస్థితులలో బడి భాష కూడా ఒకటి.

ఇంత చెప్పినా ఉర్దూ ఆయనకు నష్టం మాత్రమే మిగిల్చిందనడం సరికాదు. ఉర్దూ తరగతిలో కూర్చున్న విద్యార్థి చెవిన షేర్ పడుతుంది. రెండు పాదాలలో ఒక భావం పూర్తికావాలన్న నియమం, కాఫియా, రదీఫ్‌ల పునరుక్తి, ముషాయిరాలో పాదాన్ని రెండుసార్లు చదివి శ్రోతను నిరీక్షింపజేసే అలవాటు ఇవన్నీ ఉర్దూ కవిత్వపు సంస్కారాలు. ఆది ప్రాసకు, యతికి అలవాటుపడిన తెలుగు చెవికి అంత్యప్రాస మీద ఇంతటి ఆధారం కొత్త. అయితే బతుకమ్మ పాటలో ప్రతి పాదం చివరా ఒకే పదం మళ్లీ మళ్లీ రావడం విన్న పిల్లవానికి రదీఫ్ పూర్తిగా పరాయిది కాదు. ఈ పోలిక శాస్త్రరీత్యా కచ్చితమైనది కాకపోవచ్చు, ఎందుకంటే ఒకటి సామూహిక గానానికి ఊతపదం, మరొకటి భావాన్ని బిగించే ముడి. వినికిడిలో మాత్రం రెండూ పొరుగువే. తరువాతి కాలంలో తెలుగు గజళ్లను రాసి, స్వయంగా పాడి ప్రచారంలోకి తెచ్చిన కవికి ఈ పొరుగుతనం చిన్ననాటిదే.

ఇది ఒక్కరి అనుభవం కాదు. 1925లో చిన్నగూడూరులో పుట్టి ఖమ్మంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న దాశరథి కృష్ణమాచార్య ఉర్దూ నేర్పిన ప్రభుత్వాన్నే తెలుగు పద్యంతో ఎదిరించి జైలుకు వెళ్లారు. ఆ దాశరథే 1961లో గాలిబు గీతాలను తెలుగు చేశారు. ప్రభుత్వంపై ద్వేషం భాషపై ద్వేషంగా మారకపోవడం ఆ తరం తెలంగాణ కవులలో గమనించదగిన లక్షణం. భాష వేరు, ఫర్మానా వేరు అన్న ఎరుక వారికి బడిలోనే కలిగింది.

కరీంనగర్ చదువు చివరి ఏళ్లు ప్రశాంతమైనవి కావు. జిల్లా అంతటా రజాకార్ల దాడులు, సాయుధ దళాల ప్రతిఘటన సాగుతున్న కాలమది. 1948 మార్చిలో హుస్నాబాదు సమీపాన మహమ్మదాపురం వద్ద అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరులు కాల్పులలో మరణించారు. సెప్టెంబరు 17న సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఉర్దూ అప్పటి నుంచి రాజ్యభాషగా తన స్థానాన్ని కోల్పోసాగింది. కాని విద్యార్థి చదువు రాజ్యంతో పాటు ఒక్కరోజులో మారదు.

1949లో నారాయణరెడ్డి హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ కళాశాలలో ఇంటర్మీడియట్‌లో చేరారు. మాధ్యమం ఉర్దూయే. ఆ తరువాత ఉస్మానియాలో బి.ఎ. కూడా ఉర్దూలోనే. అంటే కళాశాల ఆయనకు వెంటనే తెలుగు తరగతిని ఇవ్వలేదు. ఆ పని చేసింది 1901లో నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. సుల్తాన్‌బజార్‌లోని ఆ గ్రంథాలయంలో విద్యార్థిగా ఆయన ప్రాచీన, ఆధునిక గ్రంథాలను విస్తారంగా చదివారు. హనుమాజీపేట వాకిట్లో దాసుగారి గొంతులో వినిపించిన వృత్తాలు, వంతలు సాగదీసిన ద్విపద పాదాలు ఇప్పుడు అచ్చులో, పేరుతో, లక్షణంతో ఎదురయ్యాయి. 1962లో డాక్టరేటు అందుకున్న ఆయన సిద్ధాంత గ్రంథానికి 'ఆధునికాంధ్ర కవిత్వము – సంప్రదాయములు, ప్రయోగములు' అన్నది శీర్షిక.