నైజీరియా: చమురు, ప్రభుత్వ విస్తరణ, పర్యావరణం

చమురు ఎగుమతి దేశాల్లో ప్రభుత్వం పెరిగితే పర్యావరణానికి మేలా, చేటా అన్న చర్చలో నైజీరియా ప్రస్తావన తరచుగా వస్తుంది. ఖజానా నిండితే కాలుష్య నియంత్రణకు డబ్బుంటుందని ఒక వాదం. ఆ ఖజానాను నింపేదే చమురైతే నియంత్రణ సడలుతుందని మరో వాదం.

తొలి దశ: 19వ శతాబ్దంలో పామాయిల్ వ్యాపారం వల్ల బ్రిటిష్‌వారు నైజర్ డెల్టాను 'చమురు నదులు' అన్నారు. ముడిచమురు 1956లో ఒలోయిబిరిలో దొరికింది. 1958లో ఎగుమతి మొదలైంది.

విస్తరణ: 1969 పెట్రోలియం చట్టం చమురు నిల్వలను ప్రభుత్వ సొత్తు చేసింది. దేశం 1971లో ఒపెక్‌లో చేరింది. 1973లో చమురు ధరలు పెరిగాయి. ఉడోజీ కమిషన్ సిఫారసులతో ప్రభుత్వోద్యోగుల జీతాలు భారీగా పెరిగాయి. 1967లో 12గా ఉన్న రాష్ట్రాలు 1976లో 19, 1996లో 36 అయ్యాయి. 1977లో జాతీయ పెట్రోలియం సంస్థ ఏర్పడింది. బావుల వద్ద సహజవాయువును మండించడం 1984 నాటికి ఆగాలని 1979 చట్టం నిర్దేశించినా, అనుమతులిచ్చే వెసులుబాటుతో ఆ మంటలు కొనసాగాయి. సమాఖ్య పర్యావరణ పరిరక్షణ సంస్థ 1988లో గానీ పుట్టలేదు. అందుకు కారణం చమురు కాదు, ఇటలీ నుంచి తెచ్చి కోకో రేవుపట్టణంలో పోసిన విషవ్యర్థాలు.

ఒగోనీ ఉద్యమం: 1990లో నైజర్ డెల్టాలోని ఒగోనీ ప్రజలు హక్కుల పత్రం ప్రకటించి, చమురు కాలుష్యంపై ఉద్యమించారు. ఈ ఉద్యమానికి నాయకత్వం వహించిన సాహసి, రచయిత కెన్ సారో-వీవాను, మరో ఎనిమిది మందిని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరితీసింది.

తరువాతి సంస్థలు: 1999లో పర్యావరణ మంత్రిత్వశాఖ, 2006లో చమురు ఒలుకుల గుర్తింపు సంస్థ వచ్చాయి. 2007లో ఏర్పడిన పర్యావరణ ప్రమాణాల సంస్థ పరిధి నుంచి చమురు రంగాన్ని చట్టమే తప్పించింది. ఒలుకు జరిగిన చోటికి వెళ్లడానికి అధికారులు చమురు కంపెనీల వాహనాలపైనే ఆధారపడుతున్నారని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2011లో ఒగోనీ ప్రాంతంపై ఇచ్చిన విలువైన నివేదికలో తెలిపింది. ఆ ప్రాంతంలోని నిసిసియోకెన్ ఒగాలేలో జాతీయ పెట్రోలియం సంస్థ గొట్టపుమార్గానికి దగ్గర్లో భూగర్భజలంపై 8 సెంటీమీటర్ల మందాన శుద్ధిచేసిన చమురు తేలుతూ కనిపించింది. అక్కడి తాగునీటి బావుల్లో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణానికి 900 రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది.

అంచనా: నైజీరియాలో కొరవడినది శాఖల సంఖ్య కాదు, చమురు ఆదాయానికి లోబడని తనిఖీ అధికారం. ఒగోనీ ప్రాంత పునరుద్ధరణకు 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని నివేదిక అంచనా. శుభ్రపరిచే కార్యక్రమాన్ని 2016లో ప్రారంభించారు.