నృత్తరత్నావళిలో ఒక మాట: సిరొంచ సీమ నుండి పరిశీలన

ప్రాణహిత గోదావరిలో కలియు చోట ఒక గట్టున కాళేశ్వరము, ఎదుటి గట్టున సిరొంచ ఉన్నవి. కాళేశ్వరము, శ్రీశైలము, ద్రాక్షారామము అను మూడు లింగక్షేత్రముల నడుమ నున్న నేల త్రిలింగదేశమని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ లెక్క ప్రకారము సిరొంచ త్రిలింగమునకు ఏటి ఆవల నున్నది. అయినను అచ్చటి ఇండ్లలో, సంతలలో తెలుగు వినబడును. దానితో పాటు మరాఠీ వినబడును, గోండీ వినబడును. ఇట్టి మూడు భాషల కూడలిలో నిలిచి చూచినపుడు, క్రీ.శ. 13వ శతాబ్దిలో ఓరుగల్లు కొలువున పుట్టిన ఒక మహాగ్రంథములోని చిన్న మాట నాకు క్రొత్తగా కనబడినది. ఈ వ్యాసము ఆ మాటను గూర్చియు, అది గ్రంథమునకు ఎక్కిన విధమును గూర్చియు వ్రాయుచున్నాను.

ఆ గ్రంథము జాయసేనాని రచించిన నృత్తరత్నావళి. రచనాకాలము క్రీ.శ. 1253-54. మన దేశమున నృత్తమునకే ప్రత్యేకించి వ్రాయబడిన ఆకరగ్రంథములలో ఇంత విపులమైనవి మిక్కిలి తక్కువ. కర్త పండితవృత్తివాడు కాడు. కాకతి గణపతిదేవుని గజబలమునకు అధిపతి. దివిసీమను గెలిచిన గణపతిదేవుడు అచ్చటి అయ్య వంశపు ఆడపడుచులైన నారమాంబను, పేరమాంబను వివాహమాడి, వారి తమ్ముడగు జాయనను చేరదీసెను. గుండామాత్యుని యొద్ద అతనికి నృత్యవిద్య చెప్పించెను. క్రీ.శ. 1213 నాటి చేబ్రోలు శాసనములో ఇతడు గజసాహిణిగా కనబడుచున్నాడు. తండ్రి పిన్నచోడి పేర చేబ్రోలిలో చోడేశ్వరాలయము కట్టించినవాడును ఇతడే. శాసనము నాటికిని గ్రంథము నాటికిని నడుమ నలువది యేండ్లు గడచినవి. ఏనుగుల దండును నడపిన చేయి ఆ నలువది యేండ్ల చూపును గ్రంథముగా కూర్చినదన్నమాట.

ఇచ్చట దేవగిరిని తలచుకొనక తప్పదు. గణపతిదేవుడు చిన్ననాట యాదవ జైతుగి చేతిలో బందీయై, క్రీ.శ. 1199లో విడుదల పొంది రాజ్యమునకు వచ్చెను. ఆ జైతుగి కుమారుడు సింఘణుని కొలువులో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. బంధించిన వాని కుమారుని నీడలో గానశాస్త్రము, బందీయైన వాని నీడలో నృత్తశాస్త్రము కొద్ది దశాబ్దుల ఎడముతో వెలసినవి. సంగీతరత్నాకరము ఏడు అధ్యాయములలో చివరిది మాత్రమే నర్తనమునకు కేటాయింపబడినది. జాయన ఎనిమిదింటిని నృత్తమునకే ఇచ్చెను. పైఠణు, నాందేడుల మీదుగా యాదవుల నేలను తడిపి వచ్చిన గోదావరియే కాకతీయుల సీమను ప్రవేశించి కాళేశ్వరము నొరసి పోవును. రాజుల పగలు నదికి పట్టవు. విద్యకును అంతగా పట్టినట్లు లేదు: శార్ఙ్గదేవుని గ్రంథమునకు తరువాతి కాలమున వ్యాఖ్య వ్రాసిన సింగభూపాలుడు రేచెర్ల వంశపు తెలుగురాజు.

నృత్తరత్నావళి కూర్పులో నన్ను ఎక్కువగా ఆకర్షించినది దాని పాళ్ళు. మొదటి నాలుగు అధ్యాయములు మార్గమునకు, తక్కిన నాలుగును దేశికి. మార్గభాగమునకు భరతముని చూపిన దారి ఉన్నది. అంగోపాంగములు, స్థానకములు, చారులు, నూట యెనిమిది కరణములు, అంగహారములు, ఇవన్నియు పూర్వులు చెప్పియుంచినవి. వానిని సరిచూచి, విభేదములను తేల్చి, క్రమపరచుట పండితుడు చేయదగిన పని. దేశి అట్టిది కాదు. ఆయా సీమల జనులకు ఇంపై, సీమసీమకు మారుచు పోవు ఆటకు చేతిలో మూలగ్రంథము లేదు. చూచిన వాడే వ్రాయవలెను, లేదా చూచినవారిని అడిగి వ్రాయవలెను. అందుచేత దేశికి సగము పాలు ఇచ్చుట వినయముతో కూడిన సాహసమని నా అభిప్రాయము. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, దండరాసకము, శివప్రియము, చిందు, కందుకము, చారణము, బహురూపము మున్నగునవి ఏడవ అధ్యాయమున లక్షణములతో నిలిచినవి. ఎనిమిదవదానిలో సభ, వాద్యబృందము, పాత్ర రంగప్రవేశము మొదలగు ప్రదర్శన విషయములు చెప్పబడినవి. చిందు అను పేరు తెలంగాణపు చిందు భాగవతులలో నేటికిని ఉన్నది. పేరు నిలిచినంతమాత్రమున ఆట కూడ అట్లే నిలిచినదనుట తొందరపాటు. మన వ్యాసకర్తలు కొందరు ఈ తొందరపాటుకు లోనగుచుందురు.

ఇక నేను మొదట చెప్పిన మాట. దేశిభాగమున గొండలి అను నృత్తము కలదు. దాని పుట్టుకను జాయన ఇట్లు తెలిపెను. పూర్వము కల్యాణకటకమున భూతమాతృ మహోత్సవము జరుగుచుండగా, భిల్లవేషము దాల్చిన ఒక స్త్రీ ఆడుచు పాడుచుండుట సోమేశ్వరుడు చూచి మెచ్చి, ఆ ఆటకు ఒక విధానమును ఏర్పరచెను. మహారాష్ట్రమున భిల్లస్త్రీని గొండిని అందురు గనుక దానికి గొండలి అను పేరు కలిగెను. ఈ సోమేశ్వరుడు క్రీ.శ. 1130 ప్రాంతమున మానసోల్లాసమను సర్వవిషయ సంగ్రహమును కూర్చిన పశ్చిమచాళుక్య చక్రవర్తి. కన్నడసీమ రాజు చూచినది, మహారాష్ట్రపు మాటతో పేరు పొందినది, తెలుగుసేనాని సంస్కృతమున వ్రాసి నిలిపినది. ఒక్క నృత్తమునకు ఇన్ని సీమల పొత్తు కలదు.

గొండిని అను మాటలో గోండుల పేరు వినబడుచున్నదని వేరుగా చెప్పనక్కరలేదు. సిరొంచ చుట్టును, అహేరి, ఏటపల్లి, భామ్రాగఢు అడవులలోను ఉన్నవారు వారే. దండకారణ్యపు అంచున ఆడు ఆట ఒకటి నగరమునకు పోయి, రాజు కంటబడి, శాస్త్రమున చోటు సంపాదించినదని ఆనందింపవచ్చును. కాని కథను మరల చదివినచో కొంత వెలితి తోచును. ఆడినది భిల్లవేషము వేసిన స్త్రీ. ఆమె ఆ జాతిదో, వేషమే వేసినదో శ్లోకము చెప్పదు. ఆమె పేరు లేదు. విధానము కల్పించిన కీర్తి రాజునకు పోయినది. భిల్లులకు, గోండులకు భేదము పాటింపబడలేదు. ఆకరగ్రంథము ఒక ఆటను కాపాడునపుడే దాని యజమానులను మరచుట ఎట్లు జరుగునో చూపుటకు ఇంతకంటె స్పష్టమైన తావు నాకు దొరకలేదు. జాయనను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుటలేదు. అతడు ఆ నాలుగు పంక్తులు వ్రాయకున్న ఈ ప్రశ్నయే పుట్టియుండెడిది కాదు.

గ్రంథము గతి కూడ విచిత్రమైనది. ఓరుగల్లులో పుట్టినదాని వ్రాతప్రతి తంజావూరు సరస్వతీమహలున దాగియుండెను. వి. రాఘవన్ గారి పరిష్కరణమున 1965లో మద్రాసు నుండి అచ్చుపడినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి తెలుగు అనువాదమును ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ 1969లో ప్రకటించెను. అటుపిమ్మట నటరాజ రామకృష్ణ గారు ఈ గ్రంథమును, రామప్పగుడి శిల్పములను ఆధారము చేసికొని పేరిణిని పునరుద్ధరించిరి; 1985 శివరాత్రినాడు రామప్పగుడిలోనే అది ప్రదర్శింపబడెను. పేరిణికి పట్టిన అదృష్టము గొండలికి అంతగా పట్టలేదు. వీరనృత్తమునకు శిల్పములు సాక్ష్యమిచ్చినవి. అడవి ఆటకు ఏ గుడి సాక్ష్యమిచ్చును?

తరువాతి కాలపు మహాసంకలనములలో మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి 'తెలుగువారి జానపద కళారూపాలు' పేర్కొనదగినది. 1992లో తెలుగు విశ్వవిద్యాలయము ప్రకటించినది. ఒక నటుడు జీవితకాలము సేకరించిన సామగ్రి అది. జాయన వలెనే ఆయనయు రంగమును ఎరిగి వ్రాసినవాడు. అయితే నేడు ఇట్టి పనులు భాషను బట్టియు, రాష్ట్రమును బట్టియు జరుగుచున్నవి. సిరొంచ కథ అందుకు అడ్డుతగులును. 1860లో నైజాము ప్రభువు గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయులకు ఒప్పగింపగా, సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానమైనది. 1874లో ఆ జిల్లా రద్దయి సిరొంచ చాందాలో చేరెను. భద్రాచలము, రేకపల్లి మద్రాసు పాలనకు పోయెను. చాందా 1956లో బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రకు వచ్చెను. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడెను. ఈ మార్పులలో ఏ ఒక్కటియు ఆట ఆడువారిని అడిగి చేసినది కాదు. తెలుగు సంకలనకర్త ఏటి దగ్గర ఆగును. మరాఠీ సంకలనకర్త తెలుగు పాట వినబడగానే వెనుకకు తిరుగును. ఇట్టి సీమ రెండు పుస్తకముల నడుమ జారిపోవుట సులభము.

సిరొంచలో కూర్చుండి దేశినృత్తములకు కోశము కూర్ప బూనినవానికి మొదటి చిక్కు పేరు దగ్గరనే వచ్చును. గోండులు తమ్ము తాము కోయితూరులని చెప్పుకొందురు. గోండు అనునది ఇతరులు పెట్టిన పేరు. ఒకే ఆటకు తెలుగువాడు ఒక పేరు, మరాఠీవాడు ఒక పేరు చెప్పవచ్చును. ఆడువారి పేరు మూడవది. జాయన తన గ్రంథమున మహారాష్ట్రపు పేరొక్కటి వ్రాసికొనెను. మూడవ పేరు కొరకు ఏరు దాటి అడుగవలసియున్నది.