తాత్కాలిక శాసనములు – పౌరస్వాతంత్ర్యము

ప్రజల ధనమానప్రాణములను కాపాడుట ప్రభుత్వమునకు ప్రథమధర్మము. ఆ ధర్మమును నిర్వర్తించుటకే పాలకులకు దండనాధికారము ఈయబడినది. కాని ఆ యధికారమునకు హద్దు లేనిచో రక్షకుని నుండియే రక్షణ కావలసి వచ్చును. కంచెయే చేను మేసిన నెవ్వరితో మొఱపెట్టుకొనవలెను? అందుచేతనే నాగరికదేశములన్నిటియందును కొన్ని నియమము లేర్పడినవి. నేరము చేసెనని పట్టుకొన్నవానిని న్యాయాధికారి యెదుట నిలుపవలెను, మోపిన నేరమేదో వానికి తెలుపవలెను, వకీలును పెట్టుకొననీయవలెను, బహిరంగముగా విచారింపవలెను, నేరము ఋజువగువఱకు వానిని నిర్దోషిగానే యెంచవలెను. వీనినే మనము పౌరస్వాతంత్ర్యములని చెప్పుకొనుచున్నాము.

ఈ నియమములను ఏ ప్రభుత్వమును ఒక్కమాఱుగా రద్దు చేయదు. ఇది సామాన్యకాలము కాదనియు, ఈ దుర్మార్గులు సామాన్యులు కారనియు, ఈ శాసనము కొద్దికాలము కొఱకే, కొద్దిమంది కొఱకే యనియు చెప్పి యొక్కొక్కదానిని సడలించును. మన దేశమున నిట్టి శాసనముల చరిత్రము రెండువందల యేండ్లకు మించినది. దానిని వరుసగా పరికించినచో, కొద్దికాలమునకని వచ్చినది పోలేదనియు, కొద్దిమందికని వచ్చినది కొద్దిమందితో నాగలేదనియు స్పష్టపడును. ఈ సంగతిని చదువరుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

ఈస్టిండియా కంపెనీవారు 1818లో బంగాళమునందు మూడవ రెగ్యులేషనును చేసిరి. న్యాయస్థానమున విచారించుటకు చాలిన యాధారము లేకపోయినను, విచారించుట యుచితము కాదని తోచినను, ప్రభుత్వము తన యిష్టానుసారముగా మనుష్యుని నిర్బంధింపవచ్చునని దాని సారాంశము. మఱుసటి సంవత్సరమే చెన్నపట్టణ రాజధానిలో నట్టి రెగ్యులేషనే యొకటి వచ్చెను. కంపెనీ రాజ్యమున కెదురు తిరుగగల రాజులను, జమీందారులను మనస్సున నుంచుకొని చేసినది యది. కంపెనీ పోయినను రెగ్యులేషను పోలేదు. దాదాపు తొంబదియేండ్లు గడచిన పిదప, 1907లో, లాలా లజపతిరాయిగారిని, అజిత్ సింగుగారిని విచారణ యేమియు లేకుండ మాండలేకు పంపుట కదియే యక్కఱకు వచ్చెను. రాజులకై నేసిన వల వకీళ్లమీదను, ఉపన్యాసకులమీదను పడెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున 1915లో భారతరక్షణ శాసనము వచ్చెను. యుద్ధము ముగిసిన పిమ్మట నది పోవలసియుండెను. అది పోకముందే దాని యధికారములను నిలుపుకొను మార్గము వెదకుటకు రౌలటుదొర యధ్యక్షతను ఒక సంఘము నేర్పఱచిరి. ఆ సంఘము సూచించిన శాసనమును శాసనసభలోని భారతీయ సభ్యులు ప్రతిఘటించినను 1919 మార్చిలో ప్రభుత్వము నెగ్గించుకొనెను. దానికిని మూడేండ్ల గడువు పెట్టిరి. అప్పీలు లేదు, వకీలు లేడు, దలీలు లేదు అని జనులు దానిని గూర్చి చెప్పుకొనిరి. ఆ యాందోళనమునందే ఏప్రిలు 13వ తేదీన అమృతసరసులోని జలియనువాలాబాగున కాల్పులు జరిగెను. మరణించినవారు 379 మందియని ప్రభుత్వపు లెక్కయే యొప్పుకొనెను. ఇంత రక్తపాతమునకు కారణమైన యా శాసనము ఆచరణలో వినియోగింపబడకయే 1922లో రద్దయ్యెను. ప్రజ లేకకంఠముగా వలదన్నప్పు డెంతటి ప్రభుత్వమైనను వెనుకకు తగ్గునని మన కది తెలుపుచున్నది.

స్వరాజ్యము వచ్చినతోడనే యిట్టి శాసనములకు నీళ్లు వదలుదురని పెద్దలు తలంచియుండవచ్చును. జరిగినది వేఱు. రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. ఒక నెల తిరుగకముందే నివారక నిర్బంధ శాసనము పార్లమెంటులో నెగ్గెను. దానిని ప్రవేశపెట్టిన సర్దారు పటేలుగారు తాము నిద్రలేని రాత్రులు గడపి యీ నిర్ణయమునకు వచ్చితిమని చెప్పిరి. ఆ మాట కపటమని మేము తలంపము. కాని పాలకుని నిద్రలేమి ప్రజలకు రక్షణ కాజాలదు. ఒక్క యేడాదికని చేసిన యా శాసనము పొడిగింపులమీద పొడిగింపులతో 1969 డిసెంబరు చివఱివఱకు బ్రదికెను.

దాని క్రింద మొదట పరీక్షకు వచ్చినది మన పొరుగు వ్యవహారమే. ఆంధ్రజిల్లాలతో గూడిన నాటి మద్రాసు రాష్ట్రమున కమ్యూనిస్టు నాయకుడు ఏ. కె. గోపాలనుగారు 1947 డిసెంబరు మొదలుకొని నిర్బంధములో నుండిరి. ఆయన 1950లో సుప్రీముకోర్టు నాశ్రయించిరి. న్యాయమూర్తులలో నధికసంఖ్యాకులు శాసనము చెల్లునని తీర్పు చెప్పిరి. నిర్బంధకారణములను న్యాయస్థానమున నైనను వెల్లడింపరాదన్న పదునాల్గవ విభాగమును మాత్రము కొట్టివేసిరి. చేసిన శాసనము న్యాయమైనదా యని యడుగు నధికారము తమకు లేదని, అది శాసనసభ చేసినదైన చాలునని నాటి తీర్పు తాత్పర్యము. ఫజల్ ఆలీ న్యాయమూర్తి దీనితో నేకీభవింపలేదు.

ఆ తీర్పుయొక్క ఫలమును దేశమిరువదియైదేండ్ల తరువాత ననుభవించెను. 1971లో మీసా యను శాసనము వచ్చెను. 1975 జూను 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడిన పిదప మీసా క్రింద నిర్బంధింపబడినవారు 34,988 మందియని షా కమీషను లెక్క తేల్చినది. దేశరక్షణ నిబంధనల క్రింద పట్టుకొన్నవారిని గూడ కలిపిన లక్షకు మించుదురు. 1976 ఏప్రిలు 28న సుప్రీముకోర్టు, ఆ కాలమున నిర్బంధితుడు న్యాయస్థానపు తలుపు తట్టుటకే హక్కు లేదని నలుగురు న్యాయమూర్తుల మాటగా తీర్పు చెప్పెను. ఆ విచారణలో ఖన్నా న్యాయమూర్తి, ఒక పోలీసు అధికారి పగచే ఒకని ప్రాణమునే తీసినచో నేమి మార్గమని ప్రభుత్వపు అటార్నీ జనరలు నడిగిరి. అప్పటికిని మార్గము లేదనియే సమాధానము వచ్చెను. ఒంటరిగా భిన్నాభిప్రాయము వ్రాసిన ఖన్నాగారు ప్రధానన్యాయమూర్తి పదవిని పోగొట్టుకొనిరి. ఆయన మాటయే ధర్మమని సుప్రీముకోర్టు చెప్పుటకు 2017వ సంవత్సరము రావలసివచ్చెను. నలువదియొక యేండ్ల తరువాత వచ్చిన న్యాయము నాటి ఖైదీల కేమి యుపయోగము?

ఉగ్రవాదమను పేరుతోనే ప్రత్యేకశాసనము వచ్చుట 1985 మే నెలలో జరిగెను. పంజాబు మండిపోవుచుండెను, ప్రధానమంత్రి హత్యయై యేడాది కాలేదు, ఢిల్లీలో బాంబులు ప్రేలుచుండెను. భయము నిజమైనదే. టాడా యని పిలువబడిన యా శాసనమునకు రెండేండ్ల గడువు పెట్టిరి. 1987లో దాని స్థానమున మఱింత కఠినమైన శాసనము వచ్చి, రెండేసి యేండ్లుగా పొడిగింపబడుచు 1995 మే వఱకు నిలిచెను.

అందు రెండు సంగతులను చదువరులు గమనింపవలెను. పోలీసులయెదుట చేసిన నేరాంగీకారము సాక్ష్యముగా చెల్లదని పరప్రభుత్వమువారు 1872లోనే శాసించిరి. ఠాణాలో నేమి జరుగునో వారెఱుగుదురు గనుక. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమునను ఆ నిషేధము నిలిచియున్నది. కాని 1987 శాసనము పోలీసు సూపరింటెండెంటు స్థాయి యధికారియెదుట చేసిన యంగీకారము చెల్లునని చెప్పెను. అభియోగపత్రము లేకయే మొదట నొక సంవత్సరమువఱకు కారాగారమున నుంచవచ్చుననియు చెప్పెను. 1994లో సుప్రీముకోర్టు దీనిని సమర్థించినప్పుడు, నేరాంగీకారమును గూర్చిన విభాగము చెల్లదని భిన్నాభిప్రాయము వ్రాసిన యిద్దఱిలో నొకరు ఆంధ్రదేశమునకు చెందిన కె. రామస్వామి న్యాయమూర్తిగారగుట మనకు స్మరణీయము.

పంజాబునకై పుట్టిన యీ శాసనము అట్టి తిరుగుబాటు లేని గుజరాతునకును ప్రాకెను. దేశమంతటను దాని క్రింద పట్టుబడినవారు 76,000కు మించిరి. శిక్షపడినవారు అందు స్వల్పభాగము మాత్రమే. జాతీయ మానవహక్కుల సంఘాధ్యక్షులు రంగనాథ మిశ్రగారు 1995లో పార్లమెంటు సభ్యులందఱకు లేఖ వ్రాసి దీనిని పొడిగింపవలదని కోరిరి. గడువు తీఱిన శాసనము మరణించెను గాని దాని క్రింద నడచుచున్న వ్యాజ్యములు మరణింపలేదు.

2001 డిసెంబరులో పార్లమెంటు భవనముపై దాడి జరిగిన పిదప 2002లో పోటా వచ్చెను. రాజ్యసభ త్రోసిపుచ్చగా, ఉభయసభలను కూర్చి నెగ్గించిరి. ఆ సంవత్సరమే అధికారపక్షపు కూటమిలోనివారే యైన పార్లమెంటు సభ్యులు వైకోగారు ఒక యుపన్యాసమునకై ఆ శాసనము క్రిందనే చెఱసాలకు పోయిరి. 2004లో కొత్త ప్రభుత్వము పోటాను రద్దు చేసెను, జనులు సంతసించిరి. కాని అందలి ముఖ్యాంశములు పెక్కింటిని అప్పుడే, 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపముల నిరోధక శాసనములో చేర్చిరి. నేరాంగీకారపు విభాగమును చేర్చలేదనుట న్యాయము. అయితే యొక పెద్దమార్పు జరిగినది. టాడాకును పోటాకును గడువుండెను. గడువు తీఱినప్పుడెల్ల ప్రభుత్వము పార్లమెంటునకు వచ్చి కారణము చెప్పుకొనవలసి యుండెను. 1967 శాసనమునకు గడువు లేదు. అతిథిగా వచ్చినవాడు ఇంటి యజమానుడయ్యెను.

2008లో ముంబయి హత్యాకాండము తరువాత మఱికొన్ని మార్పులు చేసిరి. అభియోగపత్రము దాఖలు చేయుటకు 180 దినములవఱకు గడువు హెచ్చించిరి. పోలీసుల కాగితములను చూడగా ఆరోపణ పైకి నిజముగా తోచిన జామీను ఈయరాదనిరి. ఆ కాగితములలోని సాక్ష్యమును జామీను దశలో తూచి చూడరాదని 2019లో సుప్రీముకోర్టు చెప్పగా, జామీను మఱింత దుర్లభమయ్యెను. విచారణ మిక్కిలి ఆలస్యమైనప్పుడు ఉన్నతన్యాయస్థానములు జామీను ఈయవచ్చునని 2021లో ఆ న్యాయస్థానమే కొంత యూరట కలిగించెను. 2019లోనే సంఘములనే గాక విడివ్యక్తులనుగూడ ఉగ్రవాదులుగా ప్రకటించు నధికారమును ప్రభుత్వము పొందెను. 2024 జూలై నుండి ఉగ్రవాదచర్య సామాన్యశిక్షాస్మృతిలోనే యొక నేరమైనది. ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపిన లెక్క ప్రకారము 2016 మొదలు 2019 వఱకు 1967 శాసనము క్రింద పట్టుబడినవారు 5,922 మంది. శిక్షపడినవారు 132 మంది. పట్టుబడినవారును, శిక్షపడినవారును ఒకే వ్యాజ్యములవారు కాకపోవచ్చును. ఐనను ఈ యంతరము ఆలోచింపదగినది. ఇచ్చట తీర్పు శిక్ష కాదు. విచారణకై వేచియుండుటయే శిక్ష.

ఈ మాటకు మన యింటి నిదర్శన మొకటి కలదు. అమలాపురమున బుట్టి ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఆంగ్లాధ్యాపకులైన జి. ఎన్. సాయిబాబాగారు పోలియోవలన చక్రముల కుర్చీకే పరిమితులు. వారిని 2014 మేలో పట్టుకొనిరి. 2017 మార్చిలో గడ్చిరోలి న్యాయస్థానము యావజ్జీవశిక్ష వేసెను. 2020 ఆగష్టులో హైదరాబాదున తల్లి మరణించెను. కడచూపునకు వారికి సెలవు దొరకలేదు. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు విడుదల చేయగా మఱునాడే సుప్రీముకోర్టు దానిని నిలిపివేసెను. మఱల విచారించి 2024 మార్చి 5న హైకోర్టు వారిని నిర్దోషియని తేల్చెను. సహముద్దాయిలలో నొక ఆదివాసి యువకు డప్పటికే 2022లో ఖైదులోనే మరణించియుండెను. ఆ యేడు అక్టోబరు 12న సాయిబాబాగారు హైదరాబాదులో కన్నుమూసిరి. స్వేచ్ఛగా వారు బ్రదికినది ఏడు నెలలు. వారి రాజకీయాభిప్రాయములతో మన కేకీభావ ముండనక్కఱలేదు. నిర్దోషియని తేల్చుటకు పదియేండ్లు పట్టిన పద్ధతిని న్యాయమని చెప్పగలమా యనుటయే ప్రశ్న.

ఉగ్రవాదులు అమాయకులను చంపుచుండగా ఈ సున్నితపు మాటలేలయని కొంద ఱడుగుదురు. ఈ యాక్షేపణము తేలికగా త్రోయదగినది కాదు. చనిపోయినవారి బిడ్డలకును న్యాయము కావలెను. కాని తొందరపాటువలన వారికిని న్యాయము జరుగదు. 1974 నవంబరులో ఇంగ్లండునందలి బర్మింగుహాములో బాంబులకు 21 మంది బలియైరి. ఎనిమిది దినములలోనే అచ్చట తాత్కాలికనిబంధనల శాసనము వచ్చి, పొడిగింపులతో నడచి, 2000లో శాశ్వతరూపము దాల్చెను. ఆ బాంబులకై శిక్షింపబడిన ఆర్గురు పదునాఱేండ్లు చెఱసాలలో గడపిన తరువాత, శిక్ష నిలువదని 1991లో విడుదలయిరి. నిజమైన నేరస్థులు శిక్షింపబడనే లేదు. 2007 మే 18న మన హైదరాబాదు మక్కామసీదులో బాంబు ప్రేలినప్పుడును, మొదట పెక్కుమంది ముస్లిమ్ యువకులు పోలీసులచేత చిక్కి తరువాత విడుదలైరి. పిమ్మట వేఱొక వర్గమువారిపై నేరము మోపగా, విచారింపబడిన యైదుగురును 2018 ఏప్రిలులో సాక్ష్యము చాలక విడుదలైరి. నిర్దోషిని పట్టుకొన్నంతకాలము దోషి సుఖముగా తిరుగుచుండునని దీనివలన తెలియుచున్నది. ఎలుకలున్నవని యింటికి నిప్పుపెట్టుకొన్న నెలుకలు పాఱిపోవును. కాలునది మన యిల్లే.

కావున మేము కోరునది ఉగ్రవాదులపై దయ కాదు. ప్రత్యేకశాసనమునకు గడువుండవలెను; పొడిగింపు కోరునప్పుడు ఎందఱు పట్టుబడిరి, ఎందఱు శిక్షింపబడిరి, ఎందఱు నిర్దోషులైరి యను లెక్క పార్లమెంటు ముందుంచవలెను. విచారణ నిర్ణీతకాలమున ముగియకున్న జామీను హక్కు కావలెను. అన్యాయముగా నేరము మోపబడినవారికి పరిహార మిచ్చుటకు శాసనము కావలెనని 2018లో లా కమీషను తన 277వ నివేదికలో చెప్పినది, దానిని మూలపడనీయరాదు.

ఈ విషయములు వకీళ్లకును, నాయకులకును సంబంధించినవని గృహస్థు లుపేక్షింపరాదు. చెఱసాలకు పోయినవా డొక్కడైనను, శిక్ష ననుభవించునది యిల్లంతయు. జీతము నిలుచును, వకీలుకై నగలు తాకట్టునకు పోవును, పిల్లలను బడిలో వేలుపెట్టి చూపుదురు, ఆడపిల్ల సంబంధములు తప్పిపోవును. విడుదలపత్రము వచ్చిననాడు వీనిలో నొక్కటియు తిరిగిరాదు. ఎవని పేరైన పత్రికలో ఉగ్రవాదియని పడినప్పుడు, "నిప్పులేక పొగ రాదు" అని తీర్పు చెప్పుటకు ముందు, విచారణ జరిగినదా యని మన మడుగవలెను. ఆ ప్రశ్న నడుగు నలవాటు మన యిండ్లలో, మన బిడ్డలలో కలిగిననాడు, రౌలటు శాసనమును వెనుకకు నెట్టిన బలమే నేటి శాసనములను గూడ హద్దులో నుంచగలదని మేము నమ్ముచున్నాము.